తల ముక్క, తోక ముక్క

నది నీళ్ళు ఆసుపత్రి మెట్లెక్కి, రికార్డు గదిలో నడుం లోతు నిలిచిపోయిన వరద తర్వాత రెండో ఏడు అది. గోడ మీద నీటి గీత ఇంకా ఉంది. రెండుసార్లు సున్నం వేశారు. రెండుసార్లూ గీత పైకి తేలింది. కుట్టుతాత ఆ గీత కిందే బల్ల వేసుకుని కూర్చునేవాడు.

వరదలో పిన్నులన్నీ తుప్పుపట్టి కాగితాలను తినేశాయి. అప్పట్నుంచీ ఫైళ్ళను దారంతో కుట్టమన్నారు. కాగితాలను బల్ల మీద తట్టి అంచులు కలపాలి. మీద రాయి పెట్టాలి. ఎడమ అంచున దబ్బనంతో మూడు కన్నాలు పొడవాలి. మైనం రాసిన దారం వెనకనుంచి నడిమి కన్నంలో దూరి, పై కన్నంలో దిగి, కింది కన్నంలో తేలి, మళ్ళీ నడిమి కన్నంలో దిగి వెనక ముడిపడాలి. మామూలు ఫైలుకు తెల్లదారం. ఆపరేషన్ ఫైలుకు ఎర్రదారం. ఆపరేషన్‌కు ముందు ఫైలు ఐదు కాగితాలు. ఆపరేషన్ అయ్యి మనిషి ఇంటికి వెళ్ళాక పదకొండు. అప్పుడే అది అతని బల్ల మీదికి వచ్చేది. లెక్కపెట్టనక్కర్లేదు. రెండు వేళ్ళ మధ్య పట్టుకుంటే తెలిసిపోయేది.

అతనిది మూడో తరగతి. అదీ పూర్తిగా కాదు. కూడబలుక్కుని చదువుతాడు. ఇంగ్లీషు రాదు. పనిలో పెట్టుకున్న రోజు గుమాస్తా ఒక్కటే అడిగాడు.

"ఇంగ్లీషు చదవగలవా?"

"రాదండి."

"మంచిది. రేపట్నుంచి వచ్చెయ్."

అది దయ అనుకున్నాడు.

సోమవారం సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మనవరాలు తలుపు మీద సుద్దముక్కతో రాస్తోంది. పదహారేళ్ళది. నర్సింగ్ బడి పరీక్ష ఇంకా నెల ఉంది. అందులో ఇంగ్లీషు మాటలు వెయ్యి అడుగుతారట. వెయ్యి మాటలు బట్టీ పట్టొద్దు, వాటి మూలాలు నేర్చుకోండి, వంద మూలాలొస్తే వెయ్యి మాటలూ వాటంతటవే వస్తాయి అని మాస్టారు చెప్పాడు. గ్లౌజుల డబ్బాల అట్టలు కోసి, ఒక్కో అట్ట మీద ఒక్కో ముక్క రాసుకుంది. ముందు వైపు ముక్క, వెనక వైపు అర్థం. చిందరవందరగా పోతున్నాయని తాత వాటిని రెండు కట్టలుగా కుట్టి ఇచ్చాడు. మాటకు ముందు వచ్చే తల ముక్కలు తెల్లదారంతో. చివర వచ్చే తోక ముక్కలు ఎర్రదారంతో.

"హైడ్రో?" అంది మనవరాలు.

"నీళ్ళు," అన్నాడు తాత చెప్పులు విప్పుతూ.

"ఎవరిది?"

"గ్రీకువాళ్ళది."

"ఆక్వా?"

"అవీ నీళ్ళే. లాటినువాళ్ళవి."

"నీళ్ళకి కూడా రెండేసి పేర్లు పెట్టుకుని కూర్చున్నారా?" అంది కూతురు గోడకు ఆనుకుని కూర్చున్న చోటునుంచి. ఒక చెయ్యి పొత్తికడుపు మీద ఉంది. "పని లేనివాళ్ళలా ఉన్నారు."

"ఆర్థ్రో అంటే కీలు తాతయ్యా. ఐటిస్ అంటే వాపు. రెండూ కలిపితే?"

తాత మోకాలు రుద్దుకున్నాడు. "నా మోకాలు," అన్నాడు.

తల్లీ కూతుళ్ళిద్దరూ నవ్వారు. నవ్వుతూనే కూతురు పక్కకు వంగి పెదవి కొరుక్కుంది. నవ్వినా నొప్పే.

"గురువారం ఆపరేషన్‌తో పోతుందిలే అక్కా," అంది గుమ్మంలోంచి పక్కింటావిడ. తలంతా తడిగా ఉంది. పంపు దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కుని రావడం పొద్దుట్నుంచీ ఇది ఎన్నోసారో. ఆమెది కూడా కూతురు పనిచేసే గ్లౌజుల ఫ్యాక్టరీయే, అదే లైను. ముప్ఫై ఒకటి నిండలేదు. ఏడు నెలల కిందట అదే ఆసుపత్రిలో ఆమెకూ గడ్డ తీశారు. "నాకూ ఇలాగే ఉండేది. తీశాక నొప్పి మళ్ళీ రాలేదు. ఒంట్లోనే పొయ్యి రాజేసినట్టు ఉంటుంది, అంతే. ఎముకలు పీకుతాయి."

"మరి అవీ?" అంది కూతురు గొంతు తగ్గించి.

"ఇంకా రాలేదు అక్కా. బలం పట్టాక మళ్ళీ మొదలవుతాయన్నారు. మందులు వాడుతున్నాగా."

"పట్టుద్దిలే. వచ్చే ఏడాదికి నీ ఒళ్ళో పిల్ల ఉంటుంది. నా ఒళ్ళోకి ఇవ్వకుండా ముద్దులాడుతూ కూర్చుంటావు చూడు."

పక్కింటావిడ నవ్వి, మళ్ళీ పంపు దగ్గరికి వెళ్ళింది.

తాత వినపడనట్టు దారం ఉండ చుట్టుకున్నాడు.

"తోక ముక్కలు అడుగుతాను తాతయ్యా. ఎక్టమీ?"

"తెలీదు."

"కోసి తీసెయ్యడం. కొయ్యడం వేరు, కోసి బయటికి తీసెయ్యడం వేరు. గ్రీకువాళ్ళు రెండూ వేరుగా చెప్పారు. ఇదిగో." సుద్దముక్కతో తలుపు మీద గీసింది. పెద్దపెద్ద అక్షరాలు.

తాత చూశాడు. దువ్వెన. సగం గాజు. మీద దూలం పెట్టిన స్తంభం. సున్నా. రెండు కొండలు. చివర పంగలకర్ర.

ఆ తోక అతనికి తెలుసు. పేరు తెలీదు, అర్థం తెలీదు. ఆకారం తెలుసు. ఎర్రదారం ఫైళ్ళ మొదటి కాగితం మీద, పైనుంచి మూడో వరసలో ఉంటుంది. దబ్బనం ఆ వరస పక్కనే దిగుతుంది.



మంగళవారం పొద్దున్న గుమాస్తా రాకముందే అరల దగ్గరికి వెళ్ళాడు. ముందు పాతవి తీశాడు. వరదలో తడిసి, అతను తీగల మీద ఆరబెట్టినవి. కాగితాలు అలలు తేలి ఉంటాయి. వాటిలో ఎర్రదారంవి విప్పి చూశాడు. తోక చాలావాటికి ఉంది, తలలు మాత్రం రకరకాలు. నిచ్చెన, పంగలకర్ర, పాముతో మొదలయ్యే తల మొత్తం అరలో మూడింటికే ఉంది. మూడు ఫొటోల్లోనూ తలలు నెరిసిన ఆడవాళ్ళు.

తర్వాత వరద తర్వాతవి తీశాడు.

నిచ్చెన, పంగలకర్ర, పాము. మళ్ళీ నిచ్చెన, పంగలకర్ర, పాము. ఫొటోల్లో అందరిదీ ఒకే గ్లౌజుల ఫ్యాక్టరీ నీలం ఏప్రను. పాతికేళ్ళు, ఇరవై ఎనిమిది, ముప్ఫై. ఒకామె ఫొటోకు నవ్వింది. ముప్ఫై ఎనిమిది దాకా లెక్కపెట్టి ఆపేశాడు. ముప్ఫై ఎనిమిదో ఫైల్లో పక్కింటావిడ ఉంది. జుట్టు నున్నగా దువ్వుకుని, ఎవరో ఊపిరి బిగించమన్నట్టు.

ముడి చూశాడు. తన ముడే.

మధ్యాహ్నం గుమాస్తా ఒక కట్ట తెచ్చి బల్ల మీద పడేశాడు. గుమాస్తా మంచివాడే. అప్పుడప్పుడూ తన టీలో సగం పోసి ఇస్తాడు.

"శనివారం ఫ్యాక్టరీ బీమావాళ్ళు ఫైళ్ళు చూడ్డానికి వస్తున్నారు తాతా. ఇవన్నీ రేపటికల్లా అయిపోవాలి. అన్నీ ఎర్రదారమే."

తాత రాయి జరిపి మొదటిది కుట్టాడు. రెండోది కుట్టాడు. మూడోది. నాలుగోది చేతిలోకి తీసుకుని అంచులు తట్టాడు. పదకొండు కాగితాలు. దబ్బనం తీసి మొదటి కన్నం పెట్టబోతూ ఫొటో చూశాడు.

కూతురు.

పోయిన వారం స్టూడియోకి తనే తీసుకెళ్ళాడు. ఏప్రను గుండీ ఊడితే అక్కడే నిలబెట్టి కుట్టాడు. ఆ గుండీ దారం ఫొటోలో కూడా వేరే రంగులో కనపడుతోంది.

దబ్బనం పక్కన పెట్టాడు. కాగితాలు మళ్ళీ రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. పదకొండే. ఇవాళ మంగళవారం. ఆపరేషన్ గురువారం. చివరి కాగితం తీసి చూశాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు ఆడవాళ్ళు సంతకం పెట్టే చోట కూతురి సంతకం ఉంది. ఆఖరి అక్షరం తోక పక్కకు లాగి వదిలేసే సంతకం. ఎనిమిది చోట్ల పెట్టించుకున్నారు నాన్నా, చెయ్యి నొప్పెట్టింది అని ఆసుపత్రిలో పేరు రాయించుకున్న రోజు నవ్వుతూ చెప్పింది.

మొదటి కాగితం. పైనుంచి మూడో వరస. నిచ్చెన, పంగలకర్ర, పాము.

"ఈవిడ ఇంటికి వెళ్ళిపోయిందా?" అని అడిగాడు.

రెండేళ్ళలో అతను గుమాస్తాను ప్రశ్న అడగడం అదే మొదలు. గుమాస్తా తల ఎత్తలేదు.

"వెళ్ళినట్టేలే. నువ్వు కుట్టు. సూది నీది, చదువు మాది."

గుమాస్తా అక్కడే నిలబడి టీ తాగుతున్నాడు. తాత కుట్టాడు. నడిమి కన్నం, పై కన్నం, కింది కన్నం, మళ్ళీ నడిమి కన్నం. వెనక ముడి వేసి, దారం పంటితో కొరకబోయి ఆగాడు. కత్తెరతో కత్తిరించాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఏమీ చెప్పలేదు. కోసి తీసెయ్యడం అని తోక చెప్తోంది. సరే, గడ్డ తియ్యాలంటే కోసే తియ్యాలి. ఏది తీస్తారో తల చెప్తుంది. ఆ తల అర్థం గడ్డ అయ్యుండొచ్చు. పక్కింటావిడకీ గడ్డే అన్నారు. ముప్ఫై ఎనిమిది మందికీ గడ్డలే అయ్యుండొచ్చు. అలా అనుకుంటూ భోజనం చేశాడు. ఏం తిన్నాడో గుర్తులేదు.

"ఏంటి నాన్నా, ఇవాళ మరీ ఎక్కువ మాట్లాడేస్తున్నావు?" అంది కూతురు. అది రోజూ వేసే జోకే. అతను నవ్వలేదు.

బుధవారం డాక్టరమ్మ రికార్డు గది ముందునుంచి వెళ్తూ ఆగింది. తాత అలవాటుగా లేచి నిలబడ్డాడు.

"బాగున్నావా తాతా? మోకాలు ఎలా ఉంది?"

ఆమె చేతులు చూశాడు. శుభ్రంగా ఉన్నాయి. గోళ్ళు పొట్టిగా కత్తిరించి ఉన్నాయి. తల ఊపాడు. ఆమె వెళ్ళిపోయింది.

అతని బల్ల మీద పెన్ను ఉండదు. ఉన్నా, తెలీని అక్షరం గీస్తే చెయ్యి ఎటుపోతుందో నమ్మకం లేదు. సూది అలా పోదు. మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళాక కూతురి ఫైలు ముందు పెట్టుకుని, క్యారేజీ కట్టే గుడ్డ మోకాలి మీద పరిచాడు. ఎర్రదారం ఎక్కించాడు. నిచ్చెనకు మూడు కుట్లు. పంగలకర్రకు మూడు. పాము దగ్గర చాలాసేపు పట్టింది. స్తంభం, దూలం. దువ్వెన. ఒక కాలు చాపి నిలబడ్డ కుండ లాంటిది ఒకటి. ఆపైన తలుపు మీద చూసిన తోక. పన్నెండు ఆకారాలు. గోడ మీద నీటి గీతకు పైన బల్లి కదలకుండా చూస్తోంది. బయట వరండాలో ఎవరి చెప్పులో చప్పుడైతే గుడ్డను రాయి కింద పెట్టాడు. చప్పుడు దాటిపోయింది. మళ్ళీ తీశాడు.

క్యారేజీకి అదే గుడ్డ కట్టి, కుట్టిన వైపు లోపలికి మడిచి, గేటు దాటాడు.

ఇంటికి వచ్చేసరికి మంచం మీద సంచి తెరిచి ఉంది. పక్కింటావిడ సర్దుతోంది. వెళ్ళొచ్చిన మనిషి కాబట్టి ఏమేం కావాలో ఆమెకే తెలుసు.

"రెండు తువ్వాళ్ళు. బొందు వదులుగా ఉండే లంగాలు, గట్టివి పనికిరావు. సబ్బు అక్కడ ఇవ్వరు. దిండు కావాలంటే కసురుకుంటారు, తీసుకుపో," అంటూ ఒక్కొక్కటీ మడిచి పెడుతోంది. కూతురు మంచం చివర కూర్చుని చూస్తోంది. మనవరాలు గుమ్మంలో, చేతిలో అట్టల కట్ట.

తాత క్యారేజీ విప్పాడు. గుడ్డ దులిపి మనవరాలి ముందు నేల మీద పరిచాడు.

"ఇది చదువు," అన్నాడు.

మనవరాలు గుడ్డ వైపు చూసి, అతని వైపు చూసింది. "నువ్వు కుట్టావా తాతయ్యా?"

"చదువు."

"తోక నాకొచ్చు. ఎక్టమీ. మొన్న చెప్పానుగా, కోసి తీసెయ్యడం."

"తల?"

"తల..." వేలు పెట్టి ఒక్కో ఆకారం తడిమింది. "ఇది నాకింకా రాలేదు. ఉండు." తెల్లదారం కట్ట తీసి అట్టలు తిప్పసాగింది. "హీమో, రక్తం. హెపటో, కాలేయం. హైడ్రో..." గొంతులో పాఠం అప్పజెప్పే రాగం. ఇంకో రెండు అట్టలు తిప్పింది. ఆగింది. గుడ్డ మీది అక్షరాలూ అట్ట మీది అక్షరాలూ పక్కపక్కన పెట్టి చూసుకుంది. అట్ట వెనక్కి తిప్పింది.

చదివింది. పైకి చదవలేదు.

"ఏంటే?" అంది తల్లి.

మనవరాలు తాత వైపు చూసింది. "ఇది ఎవరి కాగితం మీద ఉంది?"

తాత సంచి వైపు చూశాడు. అంతే.

"అమ్మా, ఇది గర్భసంచి," అంది పిల్ల. "గర్భసంచి కోసి తీసెయ్యడం."

పక్కింటావిడ చేతిలో తువ్వాలు సగం మడతలో ఆగింది.

"నీ మొహం," అంది కూతురు. "డాక్టరమ్మ గడ్డ అంది. స్కానింగ్‌లో చూసే చెప్పింది. పదహారేళ్ళ దానివి, నాలుగు అట్టముక్కలు పట్టుకుని..."

"గడ్డకు వేరే ముక్క ఉందమ్మా. నా దగ్గర ఉంది, చూపిస్తా. ఇందులో ఆ ముక్క లేదు."

"నాన్నా, నువ్వైనా చెప్పు. ఇంకెవరి కాగితమో చూసుంటావు."

"నీ ఫొటో ఉంది," అన్నాడు తాత. "గుండీ దారం కూడా. ఆపరేషన్ అయిపోయినట్టు, ఇంటికి వచ్చేసినట్టు మొత్తం రాసేశారు. పదకొండు కాగితాలూ నిన్ననే వచ్చాయి."

అంత పొడుగు మాట అతని నోట్లోంచి రావడం అంతకుముందు ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. కూతురి చెయ్యి కడుపు మీదినుంచి జారి మంచం పట్టె పట్టుకుంది.

"వద్దంటే లైన్లోంచి తీసేస్తారు నాన్నా. నెలకి మూడేసి రోజులు సెలవడిగేవాళ్ళు మాకొద్దు, చేయించుకుంటావా మానేస్తావా అన్నాడు సూపర్‌వైజరు. గడ్డే కదా అనుకున్నాను. గడ్డయితే ఎలాగైనా తీయించుకోవాలి కదా."

పక్కింటావిడ నేల మీది గుడ్డ దగ్గరికి వచ్చి కూర్చుంది. మొదటి ఆకారం మీద వేలు పెట్టింది.

"ఇది నిచ్చెనలా ఉంది కదా బాబాయ్?"

"ఊఁ."

"నా కాగితం మీద కూడా ఉందా ఈ నిచ్చెన?"

పంపు కింద బకెట్టు నిండి పొర్లుతున్న చప్పుడు వినిపిస్తోంది. దాన్ని కట్టెయ్యడానికి ఎవరూ లేవలేదు.

"ఉంది," అన్నాడు తాత.

"చూశావా?"

"చూశాను. నేనే కుట్టాను."

ఆమె తల ఊపింది. ఏడవలేదు. వేలు నిచ్చెన మీదినుంచి పంగలకర్ర మీదికి, అక్కణ్ణుంచి పాము మీదికి, ఒక్కో కుట్టూ తడుముతూ చివరిదాకా వెళ్ళింది. మళ్ళీ మొదటికి వచ్చింది.

"ఏడు నెలల్నుంచీ బలానికి మందులు తింటున్నాను బాబాయ్," అంది. "ఒక్క పూట కూడా మానలేదు."

లేచి మంచం దగ్గరికి వెళ్ళింది. సంచిలోంచి సబ్బు తీసింది. లంగాలు తీసింది. తువ్వాళ్ళు ఒకటీ, రెండూ తీసి, మడతలు చెదరకుండా గూట్లో ఎక్కడివక్కడ పెట్టింది. దిండు తలవైపు సర్దింది. ఖాళీ సంచిని మేకుకు తగిలించింది. వెళ్తూ వెళ్తూ పంపు కట్టేసి వెళ్ళింది.

గురువారం పొద్దున్న కూతురు నీలం ఏప్రను వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. ఫ్యాక్టరీ కూత వెయ్యడానికి ఇంకా టైముంది. తాత రోజూలాగే స్నానం చేశాడు. దబ్బనం, మైనం, దారం ఉండలు తీసి గూట్లో పెట్టేశాడు. మనవరాలి కట్టల్లోంచి రెండు అట్టలు అడిగి తీసుకున్నాడు. తెల్లదారంలోంచి ఒకటి, ఎర్రదారంలోంచి ఒకటి. వాటిని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ఐదుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. నీలం ఏప్రన్లు లేవు. ఒక్కొక్కరి కాళ్ళ దగ్గర ఒక్కో సంచి, చేతిలో క్లిప్పు పెట్టిన కాగితాలు. ఐదేసి కాగితాలు. బెంచీ చివర పక్కింటావిడ ఉంది. ఆమె దగ్గర సంచి లేదు. తాతను చూసి కొంచెం పక్కకు జరిగింది.

తాత రికార్డు గదిలోకి పోకుండా తలుపు దాటి వచ్చి ఆ ఖాళీలో కూర్చున్నాడు.

"కుట్టుతాతా, ఇక్కడేం చేస్తున్నావు?" అంది పక్కనున్న పిల్ల. పాతికేళ్ళు ఉండవు.

"నీకేం తీస్తామన్నారమ్మా?"

"గడ్డ."

"కాగితం ఇటివ్వు."

ఇచ్చింది. పైనుంచి మూడో వరస. జేబులోంచి రెండు అట్టలు తీసి, ఆ మాట కింద పక్కపక్కన పెట్టాడు. ముందు సగం మీద వేలు పెట్టి తెల్లదారం అట్ట తిప్పాడు. వెనక సగం మీద వేలు పెట్టి ఎర్రదారం అట్ట తిప్పాడు. ఆ పిల్లకు అట్టల వెనక రాసింది చదవడం వచ్చు. పెదవులు కదిలాయి. సంచి తాడు గట్టిగా పట్టుకుంది.

గుమాస్తా టీ గ్లాసుతో వరండాలోకి వచ్చాడు. బెంచీ చూశాడు. తాత చేతుల్లోని కాగితం చూశాడు.

"ఏం తాతా, లోపల ఇవాళ్టి కట్ట అలాగే ఉంది. ఇక్కడేం చేస్తున్నావు?"

"చదువుతున్నాను," అన్నాడు తాత.

తర్వాతి ఆమె కాగితం కోసం చెయ్యి చాపాడు.